చిన్న బెంజ్‌కి అంత చెడ్డపేరు న్యాయమేనా? తిరుపతిలో ఉండేవాళ్లు సెకండ్ హ్యాండ్‌లో కొనొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: బెంగళూరులో 2014 మోడల్ మెర్సిడెస్ ఏ-క్లాస్ డీజిల్ ఉంది. రెండో ఓనర్, మీటరు మీద 71 వేల కిలోమీటర్లు, ఏడున్నర లక్షలకు ఇస్తానంటున్నారు. టైరు సైజు ఫొటో కూడా పెట్టారు, 225/45 ఆర్17. మీ మేనమామ "అది బెంజ్ కాదురా, బెంజ్ గుర్తు పెట్టుకున్న చిన్న కారు, కొంటే మునుగుతావు" అన్నారు. పైగా ఏ-క్లాస్ మలుపుల్లో తిరగబడుతుందని ఎక్కడో చదివారు. ఆ పేరు నిజమేనా, తిరుపతిలో ఉండేవాడు కొనొచ్చా అని మీ ప్రశ్న.

ముందే చెప్పేస్తాను. ఆ చెడ్డపేరు కొత్తలో దాని ధరకు వచ్చింది, దాని తయారీకి కాదు. షోరూమ్‌లో కొన్నవాళ్ల బాధలో న్యాయం ఉంది. పదేళ్లు దాటాక దాదాపు మూడో వంతు ధరకే కొంటున్న మీకు ఆ బాధ పెద్దగా అంటదు. మీకు రాబోయే కష్టం వేరే: కారు ధర తగ్గింది గానీ సామాన్ల ధర తగ్గలేదు. కాబట్టి మీ దగ్గర ఉన్నది ఏడున్నర లక్షలే అయితే వదిలేయండి. దానిపైన ఇంకో రెండున్నర లక్షలు ముట్టుకోకుండా పక్కన పెట్టగలిగితే, బండి నేను కింద రాసిన పరీక్షల్లో నిలబడితే, ధైర్యంగా తీసుకోండి.

నేను తిరుపతిలో కరకంబాడి రోడ్డు వైపు షెడ్డు నడుపుతున్నాను. అన్ని కంపెనీల బండ్లూ చేస్తాం. జర్మన్ కార్లకు స్కానర్, అంటే కారులోని కంప్యూటర్లను చదివే యంత్రం, కొని పదేళ్లు దాటింది. అప్పటి నుంచి ఈ తరగతి చిన్న కార్లు, అంటే ఏ-క్లాస్, బీఎండబ్ల్యూ 1 సిరీస్, వోల్వో వీ40 లాంటివి, కొనే ముందు చూసిపెట్టమని చాలామంది తెస్తుంటారు. కొన్నిటికి సరే అన్నాను, కొన్నిటికి వద్దన్నాను. ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

తిరగబడటం సంగతి ముందు తేల్చేద్దాం. అది నిజంగా జరిగింది, కానీ మీరు చూస్తున్న కారుకు కాదు. 1997లో మొదటి తరం ఏ-క్లాస్ వచ్చింది. పొట్టిగా, ఎత్తుగా ఉండేది. ఆ ఏడాది అక్టోబర్‌లో స్వీడన్‌కు చెందిన ఒక ఆటో పత్రిక దాన్ని పరీక్షించింది. రోడ్డు మీదకు దుప్పి లాంటి పెద్ద జంతువు అడ్డం వచ్చినట్టు ఒక్కసారిగా స్టీరింగ్ అటూ ఇటూ తిప్పి చూసే పరీక్ష అది. అందులో కారు బోల్తా కొట్టింది. ప్రపంచమంతా ఆ ఫొటోలు చూసింది. కంపెనీ అమ్మకం ఆపి, సస్పెన్షన్ మార్చి, అప్పటిదాకా పెద్ద కార్లకే ఉండే ఈఎస్‌పీని, అంటే కారు అదుపు తప్పబోతే తనంతట తానే బ్రేకులు వేసి నిలబెట్టే ఎలక్ట్రానిక్ ఏర్పాటును, ఆ చిన్న కారులో ప్రతి బండికీ బిగించింది. ఆ తరం కారును మన దగ్గర అమ్మనే లేదు. మీరు చూస్తున్నది 2012లో బయటికొచ్చిన మూడో తరం. నేలకు అంటుకున్నట్టు ఉంటుంది, యూరో ఎన్‌క్యాప్ క్రాష్ పరీక్షలో 5 స్టార్లు తెచ్చుకుంది. పేరొక్కటే పాతది, కారు పూర్తిగా వేరు. తిరుమల ఘాట్ మలుపుల్లో దీని పట్టు గురించి మీకు ఏ భయమూ అక్కర్లేదు.

ఇక మన దేశంలో దీనికి పేరు ఎందుకు చెడింది? 2013లో దాదాపు 22 లక్షల ఎక్స్-షోరూమ్ ధరకు వచ్చింది. అంత డబ్బు పోస్తే డీజిల్‌లో ఇచ్చింది 109 పీఎస్ (అంటే దాదాపు హార్స్ పవరే). అదే ఏడాది వచ్చిన స్కోడా ఆక్టేవియా 2 లీటర్ డీజిల్‌లో 143 పీఎస్ ఉంది, ధర చూస్తే లక్షల్లో తక్కువ, వెనక సీటులో కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు, డిక్కీలో నలుగురి సామాను పడుతుంది. ఏ-క్లాస్ డిక్కీ 341 లీటర్లు. వెనక కిటికీలు చిన్నవి, ముందు సీట్లు తల దాకా ఒకే పలకలా ఉంటాయి, వెనక కూర్చుంటే ముందు రోడ్డు కనపడదు. అమ్మానాన్నలను ఎక్కించుకుని కాణిపాకం వెళ్లి రావాలనుకున్నవాళ్లకు ఇది నచ్చదు, నచ్చకపోవడం సహజం. ఇంకో మాట, మన దగ్గర హ్యాచ్‌బ్యాక్ అంటేనే చిన్న కారు, తక్కువ ధర కారు అని లెక్క. నాలుగు మీటర్ల లోపు కార్లకు పన్ను తక్కువ వేయడంతో ఆ లెక్క ఇంకా గట్టిపడింది. ఏ-క్లాస్ పొడవు 4.29 మీటర్లు. పన్ను లాభమూ లేదు, చూసేవాళ్లకు పెద్ద కారు అన్న గౌరవమూ లేదు. మీ మేనమామగారి మాటలో ఉన్నది ఈ కోపమే. 2013లో ఆయన ఆ మాట అని ఉంటే నేను ఆయన పక్షమే.

కానీ ఇంజన్ విషయంలో ఒకటి గమనించండి. ఆ 109 పీఎస్ ఇంజన్ చిన్నది కాదు, 2143 సీసీ. అదే ఇంజన్‌ను కంపెనీ సి-క్లాస్ 220లో 170 పీఎస్‌కు నడిపింది. అంటే మోయగలిగిన బరువులో మూడింట రెండొంతులే దీని నెత్తిన పెట్టారు. కొత్తలో కొన్నవాడికి అది తక్కువ పికప్ అనిపించింది, పదేళ్ల తర్వాత కొనే మీకు అది అరగని ఇంజన్. మదనపల్లెకు వారానికి రెండుసార్లు తిరిగే ఒక డాక్టరుగారి ఏ-క్లాస్ ఏడేళ్లుగా మా షెడ్డుకే వస్తోంది. పదివేల కిలోమీటర్లకోసారి తప్పకుండా ఆయిల్ మారుస్తారు, డీజిల్ ఫిల్టరు ఆలస్యం చేయరు. ఇంజన్ ఇంతవరకు విప్పాల్సిన పని పడలేదు.

ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది. ఈ ఇంజన్‌కు టైమింగ్ చైన్, అంటే లోపల వాల్వులను వేళకు తెరిపించే గొలుసు, గేర్ బాక్స్ వైపు ఉంటుంది. అది సాగితే గేర్ బాక్స్ దించాల్సిందే, కూలీ చాలా అవుతుంది. అందుకే బండి చూడటానికి వెళ్లినప్పుడు ఉదయాన్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయమనండి. ముందే వేడి చేసి పెట్టి ఉంటే, బానెట్ మీద చెయ్యి పెడితే తెలిసిపోతుంది. అప్పుడు ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి. చల్లటి ఇంజన్ అందుకోగానే మొదటి రెండు మూడు సెకన్లు లోపల గొలుసు రాచుకున్నట్టు గరగర వినిపిస్తే ఆ బండి వద్దు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ కారుకు మన ప్రాంతంలో నిజమైన శత్రువు రోడ్డు. మీరు పెట్టిన ఫొటోలో టైరు 225/45 ఆర్17. అంటే టైరు వెడల్పు 225 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 45 శాతం. లెక్క వేస్తే దాదాపు 101 మిల్లీమీటర్లు. మామూలు కారు 185/65 టైరుకు ఇది 120. తేడా రెండు సెంటీమీటర్లే గానీ, గుంతలో పడినప్పుడు ఆ రెండు సెంటీమీటర్ల రబ్బరే రిమ్మును కాపాడేది. పైగా దీంట్లో స్టెప్నీ ఉండదు. రన్‌ఫ్లాట్ టైర్లు (గాలి పోయినా కొంత దూరం నడిచేవి) గానీ, గాలి కొట్టే కిట్టు గానీ ఇస్తారు. చిన్న మేకు దిగితే కిట్టు పనికొస్తుంది. పక్క గోడ చీలితే దానితో ఏమీ చేయలేం.

నాకే జరిగింది. ఇదే తరగతి కారు ఒకటి, రిపేరు అయ్యాక ట్రయల్ కోసం ఓనరునే పక్కన కూర్చోబెట్టుకుని పీలేరు దాకా వెళ్లి తిరిగి వస్తున్నాం. భాకరాపేట ఘాట్‌లో రాత్రి తొమ్మిది దాటింది, ఎదురుగా లారీ హైబీమ్. అంచుకు జరిగితే తారు తెగిన చోట ఎడమ ముందు చక్రం దిగి లేచింది. టపీమని ఒక్క శబ్దం. దిగి ఫోను లైటు వేసి చూస్తే టైరు గోడ మీద వేలెడంత చీలిక, రిమ్ము అంచు అరచేతి వెడల్పున లోపలికి మడిచిపోయింది. స్టెప్నీ లేదు, సిగ్నల్ సరిగ్గా లేదు. తిరుపతి నుంచి ట్రక్కు వచ్చేసరికి పన్నెండయింది. ఆ రాత్రి నుంచి ఇలాంటి కారు కొనేవాళ్లందరికీ ఒకటే చెప్తున్నాను: అదే బోల్టు కొలతకు సరిపోయే స్టెప్నీ ఒకటి, జాకీ, స్పానర్ కొని డిక్కీలో పడేసుకోండి. డిక్కీ సగం నిండిపోతుంది, నిజమే. అయినా పెట్టుకోండి.

టైర్ల ఖర్చు కూడా ముందే లెక్క వేసుకోండి. ఈ సైజులో మామూలు టైరు ఒక్కోటి పదివేలకు అటూ ఇటూ, రన్‌ఫ్లాట్ అయితే దాదాపు రెండింతలు. స్టెప్నీ పెట్టుకున్నాక రన్‌ఫ్లాట్ అవసరం లేదని నా అభిప్రాయం. మామూలు టైర్లు వేస్తే కుదుపు కూడా తగ్గుతుంది. రన్‌ఫ్లాట్ గోడ గట్టిగా ఉంటుంది కాబట్టి మన స్పీడ్ బ్రేకర్ల దెబ్బంతా నడుముకే తగులుతుంది. "బెంజ్ అన్నారు, ఎద్దులబండిలా ఉంది" అని వచ్చిన ఒకాయన టైర్లు మార్చాక మళ్లీ ఆ మాట అనలేదు.

స్పీడ్ బ్రేకర్ల దగ్గర అడుగు తగులుతుందా అంటే, ఇద్దరుంటే తగలదు, ఐదుగురు ఎక్కితే పల్లెటూళ్లలో ఎత్తుగా పోసిన వాటి దగ్గర తగులుతుంది. బండిని లిఫ్ట్ ఎక్కించి కింద చూడండి. ఇంజన్ ఆయిల్ ఉండే చాంబర్ కింద ప్లాస్టిక్ షీల్డు ఉందా, ఊడిపోయిందా, తీగతో కట్టారా? దాన్ని చూస్తే పాత ఓనరు ఎలా నడిపాడో తెలిసిపోతుంది. ముందు వైపు కంట్రోల్ ఆర్మ్ బుష్‌లు, లింక్ రాడ్లు, ఇంజన్ మౌంటింగ్ పదేళ్ల బండిలో అరిగే ఉంటాయి. ఇవి లోపాలు కావు, ఖర్చులు. వాటి మొత్తం అంచనా వేయించి బేరంలో తగ్గించుకోండి.

గేర్ బాక్స్ విషయం కొంచెం ఓపిగ్గా చదవండి, ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. ఏ-క్లాస్‌లో ఉన్నది 7 గేర్ల డ్యూయల్ క్లచ్. లోపల రెండు క్లచ్‌లు ఆయిల్‌లో మునిగి పనిచేస్తాయి. పొడి క్లచ్‌లు ఉన్న గేర్ బాక్స్‌లతో పోలిస్తే ఇది మన ఎండలకు, ట్రాఫిక్‌కు మేలు, ఎందుకంటే ఆయిల్ వేడిని లాగేస్తుంది. కానీ ఆ పని చేసే కొద్దీ ఆయిల్ పాడవుతుంది, క్లచ్ అరిగిన పొడి అందులోనే తిరుగుతుంది. గేర్ బాక్స్ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదని చెప్పేవాళ్లను నమ్మొద్దు. మా షెడ్డులో 50 వేల నుంచి 60 వేల కిలోమీటర్ల మధ్య ఆయిల్, ఫిల్టరు రెండూ మారుస్తాం. మీరు చూస్తున్న బండి 71 వేలు తిరిగింది. ఆ పని చేసిన బిల్లు చూపించమనండి. బిల్లు లేకపోతే చేయలేదనే లెక్క.

ఒక కుర్రాడు డ్యూయల్ క్లచ్ ఉన్న చిన్న ప్రీమియం కారు తెచ్చాడు. ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం. ఒకటి నుంచి రెండో గేరుకు మారేటప్పుడు తలుపు తన్నినట్టు దెబ్బ. పెద్ద ఊళ్లో షోరూమ్‌వాళ్లు గేర్ బాక్స్ మొత్తం మార్చాలి అని నాలుగు లక్షల పైన ఎస్టిమేట్ ఇచ్చారు. అతను ఆ కాగితం పట్టుకుని మా షెడ్డు మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాడు. చెల్లెలి పెళ్లికి దాచిన డబ్బులోంచి తీసి కొన్నాడట కారు. ఆయిల్ దించితే డికాషన్ కంటే నల్లగా వచ్చింది, మాగ్నెట్‌కు బురదలాంటి పొడి అంటుకుని ఉంది. రెండుసార్లు ఆయిల్ మార్చి, ఫిల్టరు వేసి, స్కానర్‌తో క్లచ్ అడాప్టేషన్ (క్లచ్ ఎక్కడ పట్టుకోవాలో గేర్ బాక్స్ కంప్యూటర్‌కు కొత్తగా నేర్పడం) మళ్లీ చేయించాం. ముప్పై వేల లోపు అయింది. దెబ్బ పూర్తిగా పోలేదు, కానీ నూటికి ఎనభై వంతులు తగ్గింది, ఇప్పటికీ ఆ బండి తిరుగుతోంది. ప్రతి గేర్ బాక్స్‌కూ ఇలా అదృష్టం కలిసి వస్తుందని చెప్పను. ఎస్టిమేట్ చూసి బెంబేలు పడకుండా రెండో మాట అడగమంటున్నాను.

నడిపే పద్ధతి కూడా ముఖ్యం. పండగ రోజుల్లో కొండకు వెళ్లేటప్పుడు బస్సు వెనక అడుగు అడుగు జరగాల్సి వస్తుంది. అలా బ్రేకు సగం వదిలి పాకించుకుంటూ పోతే క్లచ్‌లు జారుతూనే ఉంటాయి, ఆయిల్ మరిగిపోతుంది. ముందు బండి పది గజాలు పోయేదాకా ఆగండి, ఒకేసారి కదలండి. ఎక్కేటప్పుడు మాన్యువల్‌లో పెట్టి రెండో గేరు పట్టి ఉంచండి. పాత ఘాట్‌లో దిగేటప్పుడు కూడా గేరు తగ్గించుకుంటే బ్రేకులు వాసన రావు.

టెస్ట్ డ్రైవ్ కనీసం అరగంట చేయండి, చదును రోడ్డు మీద కాదు, ఎత్తు ఎక్కే చోట. ఎక్కుడు మీద ఆపి మళ్లీ కదిలించండి. వెనక్కి జారడం, వణకడం, ఇంజన్ శబ్దం పెరిగి కారు కదలకపోవడం, ఇందులో ఏది కనిపించినా ఏడున్నర లక్షలు దానికి ఎక్కువే.

బండి చరిత్ర. బెంగళూరు బండి అంటున్నారు గానీ మొదటి రిజిస్ట్రేషన్ ఎక్కడిదో ఆర్సీలో చూడండి. చెన్నైలో ఉన్న బండి అయితే 2015 డిసెంబర్ వరదల్లో మునిగిందేమో అనుమానించాల్సిందే. అలాంటి బండ్లు శుభ్రం చేసి చుట్టుపక్కల ఊళ్లకు అమ్మారు. కనిపెట్టడానికి నేను చేసే పని: డ్రైవర్ సీటు బెల్టును చివరిదాకా, రీలు ఆగిపోయేదాకా బయటికి లాగుతాను. పైకి కనిపించే బెల్టు కడుగుతారు, లోపల చుట్టుకున్న ఆఖరి జానెడు ఎవరూ కడగరు. పుత్తూరు నుంచి ఒకాయన తెచ్చిన బండిలో అక్కడ మట్టి గీత చక్కగా కనిపించింది, నీళ్లు ఎంతవరకు వచ్చాయో గీసి చూపించినట్టు. సీటు పట్టాల బోల్టులకు తుప్పు పట్టి ఉంది. అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు కాబట్టి ఆయన బయటపడ్డాడు. ఎలక్ట్రానిక్స్ ఇంత ఎక్కువ ఉన్న కారులో నీళ్లు దూరితే ఏ మెకానిక్కూ హామీ ఇవ్వలేడు.

మీటరు తిప్పారేమో చూడటానికి చాసిస్ నంబరు పట్టుకుని కంపెనీ సర్వీసు రికార్డు అడగండి. స్కానర్ పెడితే వేరే మాడ్యూళ్లలో దాగిన కిలోమీటర్లు కూడా చాలాసార్లు తెలుస్తాయి. బ్రేకు పెడల్ రబ్బరు, స్టీరింగ్ తోలు మెరుపు చూడండి. 71 వేలకు పెడల్ గాడి చెరిగిపోదు.

కాగితాల విషయం. ఢిల్లీలో డీజిల్ కార్లకు పదేళ్ల గడువు వినే ఉంటారు, అది ఇక్కడ లేదు. మన దగ్గర రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, అంటే ఈ బండికి 2029 దాకా, ఆపైన ఫిట్‌నెస్ చేయించి రెన్యువల్. కర్ణాటక నుంచి ఎన్ఓసీ తీసుకుని ఇక్కడ ఏపీ నంబరుకు మార్చాలి, బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. ఆ మొత్తం ఎంతో ఆర్టీఏలో కనుక్కున్నాకే బేరం ఖాయం చేయండి, ఇది చాలామంది మర్చిపోతారు. బ్యాంకు హైపోతికేషన్, అంటే కారు మీద లోను ఉందన్న నమోదు, ఆర్సీలో ఇంకా ఉంటే తీయించాకే డబ్బు ఇవ్వండి.

మీరు అడగలేదు గానీ చాలామంది అడుగుతారు కాబట్టి: బీఎండబ్ల్యూ 1 సిరీస్ 118డి దొరికితే మేలా? నడపడంలో అది ముందుంటుంది. 143 పీఎస్, వెనక చక్రాల డ్రైవ్, డ్యూయల్ క్లచ్ కాకుండా ఆయిల్ ఒత్తిడితో శక్తిని అందించే మామూలు టార్క్ కన్వర్టర్ 8 గేర్ల ఆటోమేటిక్. గేర్ బాక్స్ భయం తక్కువ. వెనక సీటు ఇంకా ఇరుకు, మధ్యలో వెనక చక్రాలను తిప్పే షాఫ్ట్ కోసం ఎత్తుగా గూడు ఉంటుంది. ఒంటరిగా తిరిగేవాడికి అది, ఇంటికంతా ఒకటే కారు అయితే రెండూ వద్దు.

మీ ఇంట్లో ఎంతమంది ఉన్నారో మీరు రాయలేదు. పెద్దవాళ్లు మోకాళ్ల నొప్పులతో ఉంటే కొనే ముందు వాళ్లను ఒకసారి వెనక సీటులో ఎక్కించి దించి చూడండి. సీటు బాగా కిందికి ఉంటుంది, తలుపు చిన్నది. మా అమ్మను అలాంటి కారులో తిరుచానూరు తీసుకెళ్తే దిగడానికి ఇద్దరం పట్టుకోవాల్సి వచ్చింది. రెండో కారుగా అయితే ఆ సమస్య లేదు.

బెంగళూరులో ఎవరితోనైనా లిఫ్ట్ మీద చూపించి, కింది భాగం ఫొటోలు, చల్లటి స్టార్టింగ్ వీడియో శబ్దంతో సహా, స్కానర్ రిపోర్టు ఇక్కడే పెట్టండి. రాత్రి షెడ్డు మూశాక చూసి చెప్తాను. అప్పటిదాకా అడ్వాన్సు ఇవ్వొద్దు.